రొప్పు దిగేదాకా

పోయిన నెల మా అన్న సెలవు మీద ఊరికి వచ్చినప్పుడు హైస్కూల్లో పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని పిలిచారు. యూనిఫారం ఉద్యోగం చేసేవాడు, అదీ ఈ ఊరి మట్టిలో పరిగెత్తి సంపాదించుకున్నవాడు, పిలవకపోతే తప్పు. మాది కర్ణాటకలో తెలుగు మాట్లాడే ఊరు కాబట్టి అన్న మైదానంలో నిలబడి కాసేపు కన్నడంలో, కాసేపు తెలుగులో మాట్లాడాడు. పరుగు గురించి అర నిమిషం చెప్పి, మిగతా సమయమంతా నిద్ర గురించే చెప్పాడు.

"సాయంత్రం ఎంత గట్టిగా పరిగెత్తినారనేది కాదప్పా, పరిగెత్తినాక ఎట్ల నిద్రపోతారనేదే ముఖ్యం. పరుగు అయిపోతానే కూలబడొద్దండి. మెల్లగా నడవండి. రొప్పు దిగనీండి. గోరువెచ్చని నీళ్లు పోసుకోండి. ఆమీట తేలిగ్గా తినండి. ఫోను పక్కన పెట్టేసి, కాళ్లు గోడకు ఆనించి పండుకోండి. ఆరు నెల్లు నేను ఇదే చేసినా. అందుకే ఈ ఉద్యోగం వచ్చింది."

పిల్లలు కళ్లార్పకుండా విన్నారు. నేను వెనక వంటగది గడప దగ్గర నిలబడి విన్నాను. ఆ బడిలో మధ్యాహ్న భోజనం వండేది నేనే. అన్న చెప్పినదాంట్లో ఒక్క అబద్ధం లేదు. అవన్నీ చేశాడు, కళ్లారా చూసినదాన్ని. చివరలో "మా ఇంట్లో అందరూ నాకు శానా సాయం చేసినారు" అని నా వైపు చూసి నవ్వాడు. నేను నవ్వలేదు. ఏళ్లు గడిచాయి, ఇంక మరిచిపోవచ్చు కదా అని ఎవరైనా అంటారేమో. అనేవాళ్లు ఆ ఆరు నెలలు నా పక్కన పడుకుని ఉండాలి, అప్పుడు తెలుస్తుంది.

అప్పటికి మా పొలం సోలారు పార్కుకు గుత్తకు పోయి, పలకల కిందికి వెళ్లి రెండేళ్లయింది. చెనక్కాయ వేసి వానకోసం ఆకాశం చూసే పని తప్పింది. గుత్త డబ్బులతో పాత ఇల్లు పడగొట్టి స్లాబు ఇల్లు కట్టాం. గొర్రెలు మేసే బీళ్ల చుట్టూ కంచె పడింది కాబట్టి నాయన మందను చాలావరకు అమ్మేసి పదిహేను మాత్రం ఉంచుకున్నాడు. అన్న ఆ పార్కులోనే ఒక బ్లాకు గేటు దగ్గర సెక్యూరిటీగా చేరాడు. నేను పలకల మధ్య గడ్డి కోసే ఆడవాళ్ల గుంపులో చేరాను. పావగడకు బస్సులో తిరిగి డిగ్రీ చేసి, కడకు కొడవలి పట్టుకున్నానని అందరూ నన్ను ఆటపట్టించేవాళ్లు. నేనూ నవ్వేసేదాన్ని. లోపల మాత్రం ఒళ్లు మండేది.

కానిస్టేబుల్ ఉద్యోగాలకు పిలుపు వచ్చినప్పుడు ఇద్దరం ఒకేసారి అర్జీ పెట్టాం. రాతపరీక్ష ఇద్దరం దాటాం. నాకు అన్నకంటే ఎక్కువే మార్కులు వచ్చాయి, ఆ సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. మిగిలింది పరుగు. అన్న అర్జీ పెట్టింది వేరే విభాగానికి, దానికి వయసు హద్దు ఎక్కువ, ఇంకో రెండుసార్లు రాసుకోవచ్చు, మగవాళ్లకు ఆ ఉద్యోగాలు కాకపోతే వేరేవి ఉన్నాయి. నేను పెట్టిన అర్జీకి మాత్రం వయసు హద్దు ఆ ఏడుతో సరి. ఆ పరుగు గడువులో ముగించకపోతే నాకు ఇంకో అవకాశం లేదు. ఆ మాట ఇంట్లో అందరికీ తెలుసు. పదిసార్లు చెప్పాను.

పగలంతా ఇద్దరికీ పని, ఎండ వేరే. అందుకే సాయంత్రం పరిగెత్తేవాళ్లం. మా రాయచెర్లు నుంచి క్యాతగానచెర్లు వైపు పోయే సోలారు రోడ్డు చదునుగా, సూటిగా ఉంటుంది. అటూ ఇటూ కంచె, కంచె వెనక పలకలు. బైకు మీటరుతో దూరం కొలిచి కంచె స్తంభానికి ఎర్ర గుడ్డ కట్టుకున్నాం. మగవాళ్లకు ఐదు కిలోమీటర్లు, ఆడవాళ్లకు అందులో మూడో వంతు కూడా లేదు. కానీ నా దూరం అయిపోయాక నేను ఒక్కదాన్ని ఇంటికి తిరిగి రాకూడదు. రోడ్డు పక్కన ఒక్కదాన్ని నిలబడి ఉండనూ కూడదు. అందుకని అన్నతోపాటు ఐదు కిలోమీటర్లూ నేనూ పరిగెత్తేదాన్ని. ఇందులో న్యాయం ఏముందని అప్పుడు నాకు తట్టలేదు. దమ్ము పెరుగుతుంది, మంచిదేలే అనుకున్నాను. అంత వెర్రిదాన్ని.

ఆదివారాలు పావగడలో ఒక మాజీ సైనికుడు మాలాంటివాళ్లను పరిగెత్తించేవాడు. డబ్బు తీసుకునేవాడు కాదు. మేమంతా ఆయన్ని మేష్ట్రు అనేవాళ్లం. మొదటి ఆదివారమే ఆయన మమ్మల్ని మట్టిలో కూర్చోబెట్టి చెప్పాడు. సాయంత్రం గట్టిగా పరిగెత్తిన ఒళ్లు రాత్రి నిద్రకు ఒప్పుకోదు, దాన్ని మెల్లగా దించాలి అన్నాడు. ఎట్ల దించాలో ఒక్కొక్కటే చెప్పాడు. ఈ మధ్య మా అన్న బడిలో అప్పజెప్పింది ఆ పాఠమే. ఆ మాటలను నేను నోటుబుక్కులో రాసుకున్నాను, అన్న రాసుకోలేదు. రాసుకున్నదాన్ని నేను, అమలు చేసినవాడు అన్న.

ఆ రాత్రి అన్న ఈ పద్ధతంతా ఇంట్లో చెబితే నాయన పకపకా నవ్వాడు. "ఇదేం కొత్తప్పా. మనం గొర్రెలకు చేసేదే కదా." నిజమే. మంద దూరం నుంచి పరుగున వచ్చినప్పుడు నాయన దాన్ని వెంటనే దొడ్లోకి తోలడు. నీళ్ల తొట్టి దగ్గరికీ రానివ్వడు. దొడ్డి చుట్టూ మెల్లగా తిప్పుతాడు. పక్కలు ఎగిరెగిరి పడటం తగ్గి, చెవులు కిందికి వాలాక, అప్పుడు నీళ్లు, ఆ తర్వాత దొడ్డి. రొప్పు దిగకుండా లోపల వేస్తే రాత్రంతా ఒకదాన్నొకటి కుమ్ముకుంటాయి, మర్నాడు మేయవు అంటాడు. మా తాత దగ్గర నేర్చుకున్న పని, చిన్నప్పటినుంచి నేనూ చూసిన పని.

మర్నాటి నుంచి సాయంత్రం మేం పరుగు ముగించి ఇంటి సందులోకి రాగానే నాయన లేచి వచ్చేవాడు. అన్న భుజం మీద చెయ్యి వేసి సందులో ఆ కొస నుంచి ఈ కొసకు నడిపించేవాడు. "కూచోవద్దురా, కూచోవద్దు. ముక్కుతో ఊపిరి తీసుకో. ఇంకొక్క తిప్పు." నీళ్ల చెంబు అన్న చేతికి ఇచ్చేది రొప్పు పూర్తిగా దిగాకే. అమ్మ ఎడమ చేత్తో బకెట్లో వేన్నీళ్లకు చన్నీళ్లు కలిపి తొలిపి పెట్టేది. ఆ నీళ్లు పోసుకుని అన్న మిద్దెక్కేవాడు. పైన పరుపు వేసి ఉంటుంది, గాలి బాగా వస్తుంది.

అదే పరుగు పరిగెత్తి, అదే సందులోకి అన్న వెనకే వచ్చిన నేను తిన్నగా వంటింట్లోకి పోయేదాన్ని.

అందుకు కారణం ఉంది, లేదని అనను. అమ్మ కుడిచెయ్యి భుజం దగ్గర పట్టేసి అప్పటికి ఏడాది. కూర కోయగలదు, పులుసు కాచగలదు. సంగటి కెలకలేదు. మా ఇంట్లో రాత్రి సంగటి లేకుండా అన్నం అన్న మాటే లేదు. ఎసట్లో రాగిపిండి ఉడికాక గిన్నె కిందికి దించి, గుడ్డ అడ్డం పెట్టి రెండు పాదాలతో అదిమి పట్టుకుని, గొంతుకూర్చుని, రెండు చేతులతో కట్టె పట్టి కెలకాలి. పిండి బిగిసేకొద్దీ కట్టె తిరగదు. నడుము, భుజాలు, పిక్కలు అన్నీ పని చేస్తాయి. ఐదు కిలోమీటర్లు పరిగెత్తి వచ్చిన పిక్కలతో గొంతుకూర్చుని ఒకసారి సంగటి కెలికి చూడండి. ఆవిరి ముఖానికి కొడుతుంటే, పరుగులో పట్టిన చెమట ఆరకముందే రెండో చెమట పట్టేది. ముద్దలు చేసి, అందరికీ పెట్టి, గిన్నెలు తోమి, చివరికి చన్నీళ్లు రెండు చెంబులు పోసుకునేదాన్ని. వేన్నీళ్లు అప్పటికి అయిపోయేవి.

ఇంక పడక. గుత్త డబ్బుతో కట్టిన స్లాబు పగలంతా ఎండ తాగి, రాత్రి మా మీదికి వదిలేది. ఆడపిల్ల మిద్దె మీద పడుకోకూడదు కాబట్టి నేను, అమ్మ లోపలి గదిలో, నాయన బయట వసారాలో. అమ్మ మాత్రలు వేసుకుని నిద్రపోయేది. నేను కళ్లు మూసుకుంటే రోడ్డు కనిపించేది, పరుగు ఆగేది కాదు. గుండె చెవిలో కొట్టుకునేది. పిక్కలో నరం దానంతట అదే ఎగిరేది, చేత్తో నొక్కి పట్టుకునేదాన్ని. మేష్ట్రు చెప్పినట్టు కాళ్లు గోడకు ఆనిస్తే ఆ గోడా వేడే. ఎప్పుడో ఒక కునుకు, అంతలోనే ఐదు గంటలు. నీళ్లు పట్టాలి, కసువు ఊడ్చాలి, ఏడింటికి గడ్డి కోసే గుంపు ట్రాక్టరు ఎక్కాలి. పైనుంచి అన్న ఆవలిస్తూ దిగివచ్చి "ఒక్క పెట్టున నిద్రపోయినా" అనేవాడు. ఆ మాట అన్నప్పుడల్లా చేతిలో ఉన్న చీపురు విసిరికొట్టాలనిపించేది.

ఊరికే భరించానని అనుకోకండి, నాకు చేతనైనంత చూశాను. ఒకరోజు నేనూ లోపలికి పోకుండా సందులో నడవడం మొదలుపెట్టాను. అన్న ముందు, నాయన పక్కన, నేను నాలుగడుగుల వెనక. రెండో తిప్పు కాకముందే ఎదురింటి అత్త అరుగు మీదనుంచి అడిగింది. "ఏంది పాపా, పొయ్యి ముట్టించకుండా ఊరేగుతాండావు? మీ అమ్మ చెయ్యి బాగయ్యిందా?" నాయన వెనక్కి తిరిగి నన్ను చూశాడు. నేను లోపలికి పోయాను.

ఇంకోరోజు పరుగుకు పోకముందే, పొద్దు ఉండగానే సంగటి కెలికి మూతపెట్టి పోయాను. తిరిగి వచ్చి కాసేపు గోడకు ఆనుకుని ఊపిరి తీసుకున్నాను, ఎంత హాయిగా ఉందో చెప్పలేను. భోజనాల దగ్గర నాయన ముద్ద విరిచి చూసి పక్కన పెట్టాడు. "సల్లబడిన సంగటి గొంతు దిగదమ్మా. వాడు పరిగెత్తి వచ్చినాడు, వానికన్నా వేడిగా పెట్టల్ల కదా." వాడు పరిగెత్తి వచ్చినాడట. మరి నేను యాడనుంచి వచ్చినానో.

మూడోసారి అన్ననే అడిగాను. దూరాలకు మంద తోలుకుపోయే మగవాళ్లు నెలల తరబడి వాళ్ల వంట వాళ్లే చేసుకుంటారు. పదో తరగతి సెలవుల్లో అన్న కూడా నాయన వెంట పోయి, గుడిసె ముందు మూడు రాళ్ల పొయ్యి మీద సంగటి కెలికి వచ్చినవాడే. "వారానికి మూడు దినాలు నువ్వు కెలుకు, అన్నా. నాకు నిద్ర పట్టడం ల్యా" అన్నాను. నిజం చెప్పాలి, అన్న కాదనలేదు. "దానికేముంది, సరే" అన్నాడు. ఆ సాయంత్రమే వంటింట్లో కూర్చుని కట్టె పట్టుకున్నాడు. బాగానే కెలుకుతున్నాడు. అమ్మ గుమ్మంలో నిలబడి చూసి ఒక్కసారిగా ఏడుపు అందుకుంది. "నా చెయ్యి పడిపోయినందుకు కొడుకు చేత వంట చేయించుకునే గతి పట్టింది. ఇంట్లో ఆడపిల్ల ఉండి కూడా..." అన్న కట్టె వదిలేసి లేచాడు. నేను పోయి కూర్చున్నాను. ఆ తర్వాత అన్న ఎప్పుడూ వంటింటి వైపు రాలేదు, నేను మళ్లీ అడగలేదు. అమ్మ ఏడుపు ముందు నా నిద్ర ఎంత.

మంద బయట ఉన్నప్పుడు వండితే పని, ఇంట్లో వండితే పరువు తక్కువ. ఈ తేడా ఎవరు పెట్టారో నాకు తెలియదు. గొర్రెల విషయంలోనూ ఇదే తంతని నాకు ఆ రోజుల్లోనే తెలిసింది. నాయన దొడ్డి చుట్టూ మందను తిప్పుతాడన్నాను కదా, పాలిచ్చే తల్లి గొర్రెలను తిప్పడు. లోపల కట్టేసిన పిల్లలు అరుస్తుంటాయి కాబట్టి వాటిని నేరుగా వదిలేస్తాడు. అవి రొప్పుతూనే పోయి, రొప్పుతూనే నిలబడి పాలిస్తాయి. చిన్నప్పటినుంచి రోజూ చూసినా అది నా కంటికి ఆనలేదు. ఒక సాయంత్రం చూసి అక్కడే నిలబడిపోయాను. ఇంట్లో కేకేస్తే గానీ కదల్లేదు.

నాలుగో నెలకు నా వేగం తగ్గింది. మొదట్లో గడువుకు అర నిమిషం ముందే ముగించేదాన్ని. తర్వాత అది ఇరవై సెకన్లకు, ఆపైన పదికి వచ్చింది. మేష్ట్రు స్టాప్‌వాచీ చూసి, నా కళ్ల కింద నలుపు చూసి, పక్కకు పిలిచాడు.

"రాత్రి నిద్రపోతాండావా తల్లీ?"

"పోతాండా సార్."

"నేను చెప్పినవన్నీ చేస్తాండావా?"

"చేస్తాండా సార్."

ఈ రెండు అబద్ధాలు నేనే చెప్పాను, ఎవరూ చెప్పించలేదు. నిజం చెబితే ఆయన నాయనను పిలిపించి అడిగేవాడు. పది మంది ముందు నాయన తల వంచుకోవాలి. ఇంటి గుట్టు బయట పెట్టకూడదని నోరు కుట్టేసుకున్నాను. ఇప్పుడు ఆ పిల్ల ఎదురుపడితే చెంప పగలగొడతాను. నాయన పరువు కాపాడటానికి తన కాళ్లు ఇచ్చేసిన పిల్ల. మేష్ట్రు నమ్మలేదు. నా ముఖం చూసి, "అయితే పరుగు తగ్గించు, పడక పెంచు" అని వెళ్లిపోయాడు.

అప్పుడు కూడా నాకొక నమ్మకం ఉండేది. నాయనకు తెలియదు అనుకునేదాన్ని. గొర్రె చెవి వాలితే కనిపెట్టే మనిషి, ఆడపిల్ల వైపు చూసే అలవాటు లేక నా సంగతి గమనించలేదు. తెలిస్తే ఊరుకోడు. పరుగుకు వారం ముందు నేనే చెబుతాను, ఆ వారం ఎలాగో సర్దుతాడు. ఈ ధైర్యంతోనే ఆ నెలలు ఈడ్చాను.

అన్న పరుగు నాకంటే నాలుగు రోజుల ముందు పడింది. ఆ హడావుడిలో నాయనకు చెబుదామనుకున్న మాట చెప్పలేకపోయాను. అన్న గెలిచాడు. గడువుకు చాలా ముందే ముగించాడట. ఇల్లంతా పండగ. నాకూ సంతోషమే, ఎందుకు కాదు, నా అన్న. వెంకటమ్మనహళ్లి నుంచి మేనమామ కుటుంబం చూడటానికి వస్తామన్నారు. వాళ్లు వచ్చింది సరిగ్గా నా పరుగుకు ముందురోజు సాయంత్రం. నాయన ఒక పొట్టేలును కోయించాడు.

నేను నాయన దగ్గరికి పోయి నిలబడ్డాను. ఆరు నెలల్లో మొదటిసారి నాయనను నోరు తెరిచి అడిగాను. "నాయనా, రేపు నేను పరిగెత్తల్ల. ఈ రాత్రి ఒక్కటి నేను తొందరగా పండుకుంటా."

నాయన కత్తి కడుగుతున్నాడు. "పండుకుందువులేమ్మా. పన్నెండు మందికి ముద్దలు చేసేస్తే ఐపోతుంది కదా. ఒక గంట పని."

ఒక గంట పని మూడు గంటలైంది. రెండు విడతలుగా సంగటి కెలికాను. కూర దగ్గర మేనమామ భార్య సాయం పట్టింది, ఆమెను అనకూడదు. మేనమామ ముద్ద నోట్లో పెట్టుకుని "పాప చేతి సంగటి మాదిరి ఇంకెవరిదీ రాదప్పా" అన్నాడు. అన్న చుట్టూ అందరూ కూర్చుని ఆ పరుగు కథ మళ్లీ మళ్లీ చెప్పించుకున్నారు. గిన్నెలన్నీ తోమి నేను చాప పరిచేసరికి ఇంట్లో వాళ్లంతా సగం నిద్రలో ఉన్నారు. నాకు కంటి మీద కునుకు రాలేదు. బెంగళూరు పోయే మొదటి బస్సుకు మూడున్నరకే లేవాలి. లేవడమేముంది, కూర్చుని ఉన్నదాన్ని నిలబడ్డాను. నాయన తోడు వచ్చాడు.

బెంగళూరు శివారులో మైదానం. మాకిచ్చిన సమయం పొద్దున పది గంటలకు. నాలుగు చుట్లు. మొదటి రెండు చుట్లు బాగానే పోయాయి, నా ముందు ఐదారుగురే ఉన్నారు. మూడో చుట్టు సగంలో ఎడమ పిక్క రాయిలా బిగిసింది. ఆగి నొక్కుకున్నాను. మళ్లీ పరిగెత్తాను, కుంటుకుంటూ పోయాను, ఒక్క కాలితో ఎగిరాను. పక్కనుంచి పోయే పిల్లలు ఒక్కొక్కరే దాటిపోయారు. గీత దాటేసరికి గడువు దాటి పదకొండు సెకన్లు. కుర్చీలో కూర్చున్నావిడ నా నంబరు ఎదుట గీత గీసి, "నెక్స్ట్" అంది. ఆమె తప్పేం లేదు. నాకు ఏడుపు కూడా రాలేదు. ఒళ్లంతా నిద్రే ఉంది.

తిరిగి వచ్చే బస్సులో కిటికీ పక్కన నన్ను కూర్చోబెట్టి నాయన చెనక్కాయల పొట్లం కొన్నాడు. మధుగిరి దాటాక నాయన నా కాలివైపు చూసి, మెత్తగా అన్నాడు.

"నిద్ర చాలకనే కదమ్మా నరం పట్టుకునింది."

నేను తల తిప్పి చూశాను. "నీకెట్ల తెలుసు నాయనా?"

"తెలీకేం. ఆరు నెల్లుగా చూస్తానే ఉండా కదా. రొప్పు దిగకుండానే పొయ్యి కాడ కూచుంటాంటివి. రాత్రంతా పొర్లాడుతాంటివి. వయసైనోనికి నిద్ర యాడ పడుతుంది, నీ గాజుల సద్దు వినపడుతూనే ఉంటుంది."

నా చేతిలో చెనక్కాయలు అట్లే ఉండిపోయాయి. "మరి ఒక్క మాట చెప్పల్యా. అమ్మకన్నా, అన్నకన్నా, ఎవరికన్నా."

నాయన ముందు సీటు కమ్మీ పట్టుకున్నాడు. దాచి మాట్లాడే మనిషి కాదు. అదే నా ఖర్మ.

"ఇద్దరికీ కుదరదమ్మా. ఇల్లు జరగల్ల కదా. ఒకరికన్నా కుదరనీ అనుకుంటి."

అని నా తల మీద చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి తీసెయ్యాలని ఉంది, తియ్యలేదు. తెలియక చేశాడనుకుని ఆరు నెలలు మోసిన ధైర్యం ఆ బస్సులో అయిపోయింది. తెలిసే చేశాడు. ఆలోచించి, ఇద్దరిలో ఒకరిని పక్కన పెట్టి, ఆ పక్కన పెట్టినదాని చేతి ముద్ద తింటూ వచ్చాడు. అంతకుముందు నాకు నాయన మీద ఎన్నిసార్లో కోపం వచ్చింది. అసహ్యం కలిగింది ఆ రోజే. ఇప్పటికీ పూర్తిగా పోలేదు, పోయిందని రాయడం నాకు ఇష్టం లేదు.

షేర్ ఆటో దిగి ఇంటికి చేరేసరికి పొద్దు కుంకుతోంది. నేను వంటింటి వైపు పోలేదు. ఎవరినీ అడగకుండా మెట్లెక్కి మిద్దె మీదికి పోయి, అన్న పరుపు మీద బోర్లా పడ్డాను. గాలి వస్తోంది. ఎప్పుడు కళ్లు మూసుకున్నానో తెలియదు. మర్నాడు లేచేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. గడ్డి కోసే ట్రాక్టరు వెళ్లిపోయింది. నన్ను ఎవరూ లేపలేదు, ఆడపిల్ల మిద్దె మీద పడుకుందని ఎవరూ ఏమీ అనలేదు. అంత నిద్ర నా జన్మలో పట్టలేదు. దాంతో చేసేదేమీ లేకుండా పోయాక పట్టింది.

కిందికి దిగితే అమ్మ కూరాకు తుంచుతోంది. "రాత్రి ఏం తిన్నారు?" అని అడిగాను.

"సంగటే" అంది అమ్మ తల ఎత్తకుండా. "మీ నాయనే కెలికినాడు. ఒక్క ఉండ కట్టల్యా. మెత్తగా, బాగా వచ్చింది."

సంగటి గిన్నె పెరట్లో అలాగే ఉంది, అంచులకు మాడు ఎండి అతుక్కుని. నేను పోయి దాన్ని తోమాను.